అసలు తీసిన చోట నకలు

ఓడ బయల్దేరేది సాయంత్రం ఐదింటికి. నేను ఆ ఇంటి కాలింగ్ బెల్ నొక్కేసరికే మూడు దాటింది.

తలుపు తీసినావిడ ప్రయాణానికి తయారై ఉంది. కాళ్ళకి కొత్త బూట్లు, వాటికి ధర చీటీ కూడా ఇంకా ఊడదీయలేదు. గుమ్మం పక్కన ఎర్ర సూట్‌కేసు. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"డిటెక్టివ్ మేడం మీరేనా? వీధి చివర మీ బోర్డు చూసి ఫోన్ చేశాను. నా పాస్‌పోర్టు పోయింది మేడం. అది దొరక్కపోతే ఓడ నన్నొదిలేసి వెళ్ళిపోతుంది. ఇరవై అయిదేళ్ళ కాపురంలో ఇదొక్కటే నేను నోరు తెరిచి అడిగిన ప్రయాణం."

"ముందు కూర్చోండి. ఎక్కణ్ణుంచి పోయిందో అది చూపించండి" అన్నాను.

భోజనాల బల్ల మీద నీలం ఫైలు ఉంది. అందులో పారదర్శకంగా కనిపించే ప్లాస్టిక్ కవర్లు. ముందు భర్తవి, వెనక భార్యవి. భర్త కవర్లు ఖాళీగా ఉన్నాయి, తన కాగితాలు ఆయన పట్టుకెళ్ళాడు. మిగిలిన కవర్ల మీద వరసగా చీటీలు: పాస్‌పోర్టు, బోర్డింగ్ పాసు, ఇన్సూరెన్సు, డాక్టరు సర్టిఫికెట్టు, దిగే ఊళ్ళలో హోటలు రసీదులు. ఓడ కౌంటర్లో ఏది ముందు అడుగుతారో అది ముందు. నా ఆఫీసులో కరెంటు బిల్లు కావాలంటే బీరువా మొత్తం కింద పోసుకోవాలి. ఆ ఫైలు చూస్తే నిజం చెప్పొద్దూ, కాస్త కుళ్ళుగానే అనిపించింది.

"ఎవరు సర్దారు దీన్ని?"

"మా చెల్లెలు. ట్రావెల్ ఆఫీసులో దాని పనే ఇది. మా ఇంట్లోనే ఉంటుంది, పై గదిలో. నెలరోజులుగా ఈ కాగితాల మీదే కూర్చుంది పాపం. టిక్కెట్లు, వీసాలు, ఆన్‌లైన్లో ఫొటోలు ఎక్కించడం, అన్నీ అదే చూసుకుంది. నాకూ మా ఆయనకీ సంతకం పెట్టడం తప్ప ఇంకేం రాదు."

ఆవిడ కవర్లో పాస్‌పోర్టు లేదుగానీ, కవరు ఖాళీగా కూడా లేదు. పాస్‌పోర్టు జిరాక్సు ఉంది. తర్వాతి కవర్లో బోర్డింగ్ పాసు జిరాక్సు. మూలలు ఎక్కడా నలగకుండా, తిన్నగా పెట్టి ఉన్నాయి.

"ఈ జిరాక్సులు మీరు పెట్టారా?"

"లేదండీ. అది మా చెల్లెలి రూలు. అసలు కాగితం బయటికి తీస్తే దాని చోట నకలు పెట్టి తీరాలి. కవరు ఖాళీగా కనిపిస్తే దానికి ఒళ్ళు మండిపోతుంది. ఓసారి మా ఆయన..." అని ఆవిడ ఆగిపోయింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఛ ఛ, మీరనుకునేది కాదు. అదలాంటిది కాదు మేడం."

నేనింకా ఏమీ అనలేదు. అయినా ఏ దొంగ మాత్రం దొంగిలించిన చోట జిరాక్సు పెట్టిపోతాడు? చేతికి ఆ అలవాటు పట్టేసినవాళ్ళకే అది సాధ్యం. ఆలోచించి పెట్టింది కాదది, చెయ్యి దానంతటదే పెట్టేసింది.

"ఆవిడ ఇప్పుడెక్కడుంది?"

"పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళింది. ఫోన్ తియ్యట్లేదు."

"మీ ఆయన?"

"మధ్యాహ్నం బయల్దేరబోతుంటే పాస్‌పోర్టు లేదని చూశాం. నువ్వు ఇల్లంతా వెతుకుతూ ఉండు, నేను ముందెళ్ళి ఓడవాళ్ళ కాళ్ళయినా పట్టుకుంటాను అని తన పెట్టె తీసుకుని వెళ్ళారు. నేను ఏడుస్తున్నానని ఫ్లాస్కు నిండా కాఫీ కలిపిపెట్టి, తాగి కాసేపు పడుకోమన్నారు. మందుల షాపు నడుపుతారుగదా, ఎవరికి నీరసమో మొహం చూసి చెప్పేస్తారు."

ఆవిడ ఆవులించింది. బల్ల మీద ఆవిడ కప్పు సగంలో ఉంది.

"ఈ ప్రయాణానికి చెల్లెల్ని రమ్మన్నారా?"

"గది ఇద్దరికే కదండీ. అయినా దానికి అలవాటే." ఆవిడ నవ్వబోయింది. "మా ఇద్దరికీ ఏడాదే తేడా. చూసినవాళ్ళు కవలలనుకుంటారు. నా గౌను పొట్టయితే దానికి. నా పుస్తకాలు పాతబడితే దానికి. కొత్తది ఏదొచ్చినా ముందు నాకే. నాన్న ఈ ఇల్లూ, షాపూ కూడా నా పేరే రాశారు. అయినా అది ఒక్క మాట అనలేదు, బంగారం."

ఒక్క మాట కూడా అననివాళ్ళ సంగతి నాకు బాగా తెలుసు. నేనూ చాలా ఏళ్ళు ఒక్క మాట అనలేదు. ఎవరి గురించో చెప్పబోతుండగానే వాడు బెల్ కొట్టాడు.

ఓడ కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు. నేను పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు నా కిందే పనిచేశాడు. గాజుగ్లాసు మీంచి వేలిముద్ర ఎలా ఎత్తాలో వాడి చెయ్యి పట్టుకుని నేర్పింది నేను. దొంగని పట్టుకున్నది నేనైతే, పేపర్లో ఫొటో వాడిది. ఇప్పుడు వాడికి కారు, డ్రైవరు, చల్లటి గది. నాకు కిర్రుమనే ఫ్యాను. వాడి చొక్కా మీద ఎప్పుడూ ఒక్క మడత ఉండదు, అందుకే వాడికి ఇస్త్రీబాబు అని పేరు పెట్టుకున్నాను. వాణ్ణి చూస్తే నాకు కడుపు మండుతుంది. దాచుకోవడం దేనికి?

"ఓహో, గురువుగారు కూడా ఇక్కడే ఉన్నారా!" అన్నాడు ఇస్త్రీబాబు, లోపలికొస్తూనే. "ఈ మధ్య పాస్‌పోర్టులు కూడా వెతుకుతున్నారన్నమాట. కాలక్షేపం బాగానే ఉంది."

"నువ్వు ఓడ కాపలా కాస్తున్నట్టే" అన్నాను.

వాడు నవ్వి ఆవిడ వైపు తిరిగాడు. "మీరేగా మా కంపెనీకి ఫోన్ చేసి పాస్‌పోర్టు పోయిందన్నది?"

"నేనేనండీ. ఎలాగైనా నన్ను..."

"మీరు చెప్పిన పేరుగల ప్రయాణికురాలు ఒంటిగంటన్నరకే ఓడెక్కేశారు. భర్తతో కలిసి. పాస్‌పోర్టు చూపించారు, బోర్డింగ్ పాసు చూపించారు, మా దగ్గరున్న ఫొటోతో మొహం సరిపోయింది. మరి మీరెవరు?"

ఆవిడ నా వైపు చూసింది.

ఇస్త్రీబాబు ఫోన్ తీసి ఫొటో చూపించాడు. ఆన్‌లైన్లో ఎక్కించిన ఫొటో అది. తెల్లటి గోడ ముందు ఒకావిడ. అదే మొహం, అదే నుదురు, అదే గడ్డం.

"ఇది నేను కాదు! మా చెల్లెలు!" అంది ఆవిడ.

"మీరే చెల్లెలేమో" అన్నాడు వాడు తాపీగా. "అక్కాబావలు షికారు వెళ్తుంటే ఓర్చుకోలేక ఈ నాటకం ఆడుతున్నారేమో. ఇలాంటివి నేను చాలా చూశాను. మా బుకింగ్ రికార్డులో ఉంది, నెలంతా టిక్కెట్లు సర్దిపెట్టింది మీరు, ఎక్కింది వాళ్ళు. కుళ్ళు పుట్టకుండా ఎలా ఉంటుంది?"

"అయ్యో రామా! నేను అక్కనండీ!"

ఇస్త్రీబాబు ఆ మాట చెవినపెట్టకుండా ఫ్లాస్కు అందుకున్నాడు. వాడికి ఎవరింట్లోనైనా చొరవ ఎక్కువే. ఒక కప్పు తనకి పోసుకున్నాడు, ఇంకోటి నా ముందుకి జరిపాడు. "తీసుకోండి గురువుగారూ. మీ ఆఫీసులో ఇంత చిక్కటి కాఫీ ఎక్కడ దొరుకుతుంది?"

"నువ్వు పోస్తే అమృతమైనా నాకొద్దు" అని కప్పు వెనక్కి నెట్టాను. వాడు నా కప్పు కూడా తనే తాగేశాడు. తిండి దగ్గర వాడికి సిగ్గు లేదు, ఉద్యోగంలో చేరిన రోజునుంచీ అంతే.

"ఆయనకి ఫోన్ చెయ్యండి" అంది ఆవిడ. "మా ఆయన్నే అడగండి నేనెవరో."

ఇస్త్రీబాబు ఓడలో వాళ్ళ గదికి ఫోన్ కలిపించాడు. అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాడు.

"అయ్యో, మళ్ళీ మొదలెట్టిందా?" భర్త గొంతు నిదానంగా ఉంది. "మా మరదలండీ. వాళ్ళక్క మీద ఏడుపు. మేం బయల్దేరుతుంటే పెద్ద గొడవ చేసింది. చచ్చిపోతానని కూడా బెదిరించింది. ఏమీ పట్టించుకోకండి, పాపం కాసేపు పడుకుంటే అదే సర్దుకుంటుంది. మా ఆవిడ పక్కనే ఉంది, మాట్లాడండి."

తర్వాత ఒక ఆడగొంతు వినిపించింది. "చెల్లీ, ఎందుకే మమ్మల్నిలా అల్లరి చేస్తావు? ఏడవకే. కాఫీ తాగి హాయిగా పడుకో. వచ్చేటప్పుడు నీకేం కావాలంటే అది తెస్తాను."

ఫోన్ ఆగిపోయింది. ఆవిడ కుర్చీలో కూలబడింది. అరవలేదు, ఏడవలేదు.

"అది నన్ను చెల్లీ అంది" అంది. "ఆయన విని ఊరుకున్నారు."

ఇస్త్రీబాబు కుర్చీకి తగిలించిన ఆవిడ చేతిసంచీ అందుకుని బల్ల మీద బోర్లించాడు. దువ్వెన, రుమాలు, తాళాలు, వాటి మధ్య ఒక పాస్‌పోర్టు పడ్డాయి. వాడు తెరిచి చూసి, గెలిచినవాడిలా నా ముందు పెట్టాడు. చెల్లెలి పాస్‌పోర్టు.

"చూశారుగా? సొంత పాస్‌పోర్టు సంచీలోనే పెట్టుకుని అక్క పాస్‌పోర్టు పోయిందని ఏడుస్తోంది. మీరు నేర్పిందే గురువుగారూ, ముందు సంచీ వెతకమని."

"అది నా సంచీలోకి ఎలా వచ్చిందో నాకు తెలీదు! ఒట్టు!"

"స్టేషన్లో చెప్పండి అదంతా. పోలీసులకి ఫోన్ చేస్తున్నాను."

"పది నిమిషాలు ఆగు" అన్నాను. "పై గది చూసొస్తాను."

"చూడండి. ఓడిపోయే ముందు మీకు అన్నీ చూడటం అలవాటేగా."

ఆ మాటకి నా ఒళ్ళు భగ్గుమంది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

చెల్లెలి గది చిన్నది, శుభ్రంగా ఉంది. పక్క మీద దుప్పటి ముడత లేదు. అల్మారా తీస్తే బట్టలన్నీ ఉన్నాయి. హ్యాంగర్లు కూడా ఖాళీ లేవు. ఆఫీసుకే వెళ్ళినట్టుంది మరి. కానీ బల్ల మీద కళ్ళజోడు ఉంది. మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద మడిచి పెట్టింది. అద్దాలు సీసా అడుగంత మందం. నా కళ్ళజోడు తీసి అది పెట్టుకుంటే కళ్ళు తిరిగాయి. ఇంత చూపు లేని మనిషి జోడు ఇంట్లో వదిలేసి ఆఫీసులో కాగితాలేం చదువుతుంది?

చెత్తబుట్టలో జవాబు దొరికింది. కంట్లో పెట్టుకునే లెన్సుల పెట్టె, కొత్తది, ఖాళీది.

సొరుగు లాగాను. కింద ఉన్నలాంటి ప్లాస్టిక్ కవర్లే. బ్యాంకువి, ఇన్సూరెన్సువి, చదువువి. ఒక కవర్లో మాత్రం జిరాక్సు ఉంది. ఆమె సొంత పాస్‌పోర్టు జిరాక్సు.

మళ్ళీ అదే రూలు. తన పాస్‌పోర్టు తను తీసి, దాని చోట నకలు పెట్టింది. ఆ అసలుని అక్క చేతిసంచీలో పెట్టింది. ఎందుకు? అక్క పేరుతో ఓడెక్కడానికి అక్క పాస్‌పోర్టు చాలు. తనది అక్క సంచీలో ఎందుకుండాలి?

నా కళ్ళజోడు పెట్టుకోబోతూ ముక్కు రుద్దుకున్నాను. వేళ్ళకి రెండు గుంటలు తగిలాయి, ఇరవయ్యేళ్ళుగా జోడు మోసిన గుర్తు. అంతే, గబగబా కిందికి దిగాను.

"ఆ ఫొటో తియ్యి. పెద్దది చెయ్యి. ముక్కు దగ్గర."

ఇస్త్రీబాబు విసుక్కుంటూనే తీశాడు. వాడి వేళ్ళు తడబడ్డాయి, రెండుసార్లు వేరే ఫొటో వచ్చింది. నేను పెద్దగా పట్టించుకోలేదు.

"ఏముంది ఇక్కడ?"

"ముక్కుకి అటూ ఇటూ ఏమున్నాయో చూడు."

వాడు చూశాడు. ఫొటోలో ఆవిడ ముక్కు మీద రెండు గుంటలు స్పష్టంగా ఉన్నాయి. ఫొటోకి కళ్ళజోడు తీసెయ్యాలని ఓడ కంపెనీ రూలు. జోడు తీస్తే గుంటలు పోవు.

"ఇప్పుడు ఈవిడ ముక్కు చూడు. నున్నగా ఉంది. జీవితంలో జోడు పెట్టిన మనిషి కాదు. అమ్మా, ఇది పెట్టుకోండి."

పైనుంచి తెచ్చిన జోడు ఆవిడకి పెట్టాను. ఆవిడ వెంటనే బల్ల అంచు పట్టుకుంది. "ఏమీ కనిపించట్లేదు మేడం. అంతా నీళ్ళల్లో ఉన్నట్టుంది."

"ఓడెక్కింది చెల్లెలు. ఇక్కడున్నది అక్క. ఇంకా పోలీసులకి ఫోన్ చేస్తావా, నేను చెయ్యనా?"

ఇస్త్రీబాబు మొహం మాడిపోయింది. ఆ మొహం చూడటానికి నేను ఏళ్ళ తరబడి ఎదురుచూశాను. "ముందే ఎలా అనుమానించారు?" అన్నాడు నెమ్మదిగా.

"నెలరోజులు వేరేవాళ్ళ ప్రయాణానికి కాగితాలు సర్దినావిడ ఒక్క మాట కూడా అనలేదంటే నమ్మావా నువ్వు? నేను నమ్మలేదు. పని మనది, ఫొటో ఇంకొకళ్ళది అయినప్పుడు లోపల ఎలా ఉంటుందో నాకు తెలుసు. నీ దగ్గర పనిచేసేవాళ్ళనడిగితే వాళ్ళకీ తెలుస్తుంది."

వాడు కణతలు నొక్కుకున్నాడు.

"కానీ మేడం" అంది ఆవిడ, జోడు తీసి ఒళ్ళో పెట్టుకుని. మాట ముద్దముద్దగా వస్తోంది. "వాళ్ళిద్దరికీ... అలాంటిదేదో ఉందే అనుకోండి. నన్ను వదిలేసి పోవచ్చుగా. నా పేరెందుకు వాళ్ళకి?"

"ఇల్లూ షాపూ ఎవరి పేరున ఉన్నాయి?"

"నా..." అని ఆగింది.

"ఓడ తిరిగొచ్చేసరికి ఆ పేరు మీ చెల్లెలిది. సంతకం పెట్టే హక్కు ఆవిడది. మొగుడు కూడా ఆవిడ మొగుడే. మీ ఇద్దర్నీ ఎప్పుడూ కవలలనుకునే ఈ వీధివాళ్ళు కాదంటారా?"

"మరి నేను? నేను ఇక్కడే ఉంటానుగా? నోరు మూసుకుని ఎందుకు..."

ఆవిడ మాట పూర్తి చెయ్యలేదు. నేనూ వినలేదు. అప్పటిదాకా విడివిడిగా ఉన్న మాటలన్నీ నా బుర్రలో ఒక్కసారి కలిశాయి. చచ్చిపోతానని బెదిరించింది అన్నాడు భర్త, మేం అడక్కుండానే. కాఫీ తాగి పడుకో అన్నాడు ఇంట్లో. కాఫీ తాగి పడుకో అంది చెల్లెలు ఓడలోంచి.

మూడు వారాల తర్వాత వాళ్ళు ఓడ దిగొచ్చేసరికి ఈ ఇంట్లో ఒక శవం దొరుకుతుంది. దాని చేతిసంచీలో చెల్లెలి పాస్‌పోర్టు ఉంటుంది. అక్క షికారుకెళ్తే ఓర్చుకోలేక ప్రాణం తీసుకున్న చెల్లెలు అంటారు. సాక్ష్యం చెప్పడానికి ఓడ కంపెనీ ఆఫీసరు కూడా ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన నోటితోనే ఇందాక ఆ కథంతా చెప్పేశాడు. అక్క విడిచిన గౌన్లన్నీ చెల్లెలు తొడుక్కుంది. ఇప్పుడు తను విడిచిన పేరు అక్కకి తొడిగింది.

"అమ్మా, ఆ కాఫీ ఎంత తాగారు?"

"ఒకటిన్నర కప్పు... చేదుగా ఉందని..." ఆవిడ తల పక్కకి వాలింది. జోడు ఒళ్ళోంచి జారి నేలమీద పడింది.

ఇస్త్రీబాబు లేచి నిలబడబోయాడు. "నేను... రెండు కప్పులు..." అని, మడత నలగని ఆ చొక్కాతో బల్ల మీద బోర్లా పడ్డాడు.

రెండో కప్పు నాది. వాడి మీద ఏడుపే లేకపోతే నేను కూడా ఇప్పుడు ఆ బల్ల మీదే ఉండేదాన్ని.

అంబులెన్సుకి ఫోన్ చేశాను. పది నిమిషాల్లో వస్తామన్నారు. ఆవిణ్ణి నేలమీద పక్కకి తిప్పి పడుకోబెట్టి, మొహాన నీళ్ళు కొట్టాను. గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. ఐదు దాటితే ఓడ నడిసముద్రానికి పోతుంది. ఈ దేశం చట్టం దాటిపోయాక వాళ్ళని ఎవరు పట్టుకుంటారు?

పోర్టుకి నా ఫోన్‌నుంచి చేశాను. ప్రైవేటు డిటెక్టివ్‌ని అన్నాను. రాతపూర్వకంగా ఫిర్యాదివ్వమని చెప్పి పెట్టేశారు. ఓడ ఆపగలిగే మనిషి ఒక్కడే, వాడు నా ఎదుటే గురకపెడుతున్నాడు. వాడి బొటనవేలు పట్టుకుని వాడి ఫోన్ మీద అద్దాను. తెరుచుకుంది.

"సార్, చెప్పండి సార్" అంది అవతలి గొంతు. మొదటి రింగుకే.

జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాను. "మీ ఆఫీసరుకి కూడా మందు పెట్టారు. ఇక్కడే పడున్నాడు. ఓడ కదిలితే మీ ఉద్యోగాలు మిగలవు."

అవతల ఎవరో పరిగెత్తిన చప్పుడు. ఆ గొంతు మళ్ళీ వచ్చింది. "ఆపుతున్నాం మేడం. రికార్డులో రాయాలి. ఇదంతా కనిపెట్టింది ఎవరు?"

ఇస్త్రీబాబు వైపు చూశాను. నోటి చివర్నుంచి చొంగ కారి చొక్కా కాలరు తడుస్తోంది. నా పేరు చెబితే ఎవరు మేడం మీరు, ఏ హోదాలో మాట్లాడుతున్నారు అని మళ్ళీ మొదలవుతుంది. ఓడ ఆగేదాకా అనుమానమనేది వాళ్ళకి రాకూడదు.

"మీ సారే" అన్నాను పళ్ళు కొరుకుతూ. "ఆయనే కనిపెట్టాడు. త్వరగా కానివ్వండి."

ఫోన్ విసిరికొట్టి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఊపిరి చాలా మెల్లగా ఉంది. నిద్రపోనివ్వకూడదు. చెంపలు తట్టాను. "అమ్మా, కళ్ళు తెరవండి. మాట్లాడండి. ఎవరు మీరు? చెప్పండి, ఎవరు మీరు?"

రెప్పలు కొంచెం కదిలాయి. వీధి మలుపులో అంబులెన్సు చప్పుడు వినిపించింది. ఆవిడ పెదాలు విడివడ్డాయి.

"నేను" అంది, ప్రాణమంతా కూడదీసుకుని. "నేను అక్కని."